‘మీ నాన్నగారు ఏం చేస్తారు?’: బిజినెస్ స్కూల్ ఇంటర్వ్యూ గదిలో మన పిల్లలు

సంక్రాంతి దాటితే అనకాపల్లి ఎన్టీఆర్ మార్కెట్ యార్డుకి కొత్త బెల్లం దిమ్మలు జోరుగా వస్తాయి. ఐఐఎంల నుంచి ఇంటర్వ్యూ పిలుపులు వచ్చేదీ ఆ రోజుల్లోనే. క్యాట్ పరీక్ష నవంబరు చివరి ఆదివారం, కొత్త సంవత్సరం వచ్చేసరికి ఇంటర్వ్యూల హడావిడి. ఈ రెండు సీజన్లకీ సంబంధం ఉంటుందని మాకెప్పుడూ తోచలేదు, ఈ జనవరిలో ఒక చెల్లి వచ్చి అడిగేదాకా.

“అన్నా, మా నాన్న యార్డులో కలాసీ. అదే చెప్పాలా? బెల్లం వ్యాపారంలో ఉన్నాడని చెప్పొచ్చా? యార్డులోనే కదా ఉంటాడు.”

మేము నవ్వాం. తనూ నవ్వింది. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

విశాఖలో పీహెచ్‌డీ చేస్తున్న మేము కొందరం ఆదివారాలు అనకాపల్లిలో ఒక మిత్రుడి ట్యూషన్ గదిలో కూర్చుని మన పిల్లలకి మాక్ ఇంటర్వ్యూలు పెడుతుంటాం. సంఘం కాదు, పేరు లేదు, బ్యానరు లేదు. మాలో ఎవరూ ఎంబీఏ చదవలేదు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూల్లో మేము తిన్న దెబ్బలే మా అర్హత. ఆ చెల్లి పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఊళ్ళోనే బీకాం, రెండేళ్ళు ఒక కంపెనీలో అకౌంట్స్ పని. క్యాట్ రాసి ఎస్సీ జాబితాలో పిలుపు తెచ్చుకుంది. తన ప్రశ్నకి ఆ రోజు మేమిచ్చిన సలహా ఇది: “రోజు కూలీ అని ఒక్క ముక్క చెప్పి ఆపెయ్. వివరాలకి పోకు.”

తప్పు సలహా ఇచ్చాం. ఫిబ్రవరి మొదట్లో జరిగిన ఆ ఇంటర్వ్యూలో (ఏ సంస్థో రాయం) తండ్రి పని గురించి అడిగారు. మేము చెప్పినట్టే ఒక్క ముక్క చెప్పింది. “ఓహ్” అన్నారట. తర్వాత ప్రశ్న, ఇంగ్లిష్‌లో చదువు ఇబ్బంది అవుతుందేమో కదా అని. ఆ తర్వాత, రిజర్వేషన్ లేకపోతే ఈ కుర్చీలో ఉండేవారా అని. బీకాం సబ్జెక్టులోంచి ఒక్కటీ అడగలేదు. తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది.

ఇది ఒక్క ప్యానెల్ దురుసుతనం అనుకుంటే తేలిగ్గా వదిలేయవచ్చు. కానీ ఈ ‘కుటుంబ నేపథ్యం’ ప్రశ్న మీద 2007 అక్టోబరు నాటి ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన అధ్యయనాలు మా విద్యార్థులు తప్పక చదవాల్సినవి. సురీందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ కలిసి పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. కులం చూస్తారా అంటే అందరూ లేదన్నారు. కుటుంబ నేపథ్యం చూస్తారా అంటే దాదాపు అందరూ చూస్తామన్నారు. తండ్రి ఉద్యోగం, పెరిగిన ఊరు, ఇంట్లో చదువుకున్నవాళ్ళు... వీటిని బట్టి మనిషి ‘విలువలు’ తెలుస్తాయట. కులం అనే మాట ఒక్కసారీ నోట రాకుండానే కులానికి సంబంధించిన సమాచారమంతా బల్ల మీదికి వచ్చేసింది. అదే సంచికలో అశ్విని దేశ్‌పాండే, న్యూమన్ ఢిల్లీలోని మూడు విశ్వవిద్యాలయాల విద్యార్థుల్ని ఉద్యోగ వేటలో వెంబడించి రాశారు. రిజర్వేషన్ విద్యార్థులకు ఇంటర్వ్యూల్లో ఎదురైనవి ఈ చెల్లికి ఎదురైన ప్రశ్నలే. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టివెల్ ఇంకో దారి పట్టారు. పేరు తప్ప అర్హతలన్నీ సమానంగా ఉన్న 4,808 దరఖాస్తులు ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు పంపారు. ఇంటిపేరు దళితులదైతే పిలుపు వచ్చే అవకాశం, అగ్రవర్ణ పేరుతో పోలిస్తే, దాదాపు మూడింట రెండు వంతులకు పడిపోయింది.

బిజినెస్ స్కూల్ ఆ కంపెనీలకి మనుషుల్ని తయారుచేసే చోటు. కంపెనీ రేపు అడగబోయే ప్రశ్నను స్కూలు ఈ రోజే అడిగేస్తుంది. ‘కార్పొరేట్‌కి సరిపోతారా’ అని చూస్తున్నామంటుంది.

ఇక్కడ మన పిల్లలు చాలామందికి తెలియని ఒక తేడా చెప్పాలి. మన రాష్ట్రంలో ఎంబీఏకి ఐసెట్ ఉంది. ర్యాంకు వస్తుంది, కౌన్సెలింగ్‌లో సీటు వస్తుంది. ఎవరి ముఖమూ ఎవరూ చూడరు. ఐఐఎంలలో అలా కాదు. క్యాట్ స్కోరు గుమ్మం దాకా తీసుకెళ్తుంది, లోపలికి వెళ్ళేది ఇంటర్వ్యూతో. ఒక్కో ఐఐఎం ఒక్కోలా మార్కులు కలుపుతుంది: క్యాట్, పది, ఇంటర్, డిగ్రీ మార్కులు, పని అనుభవం, రాత పరీక్ష, ఇంటర్వ్యూ. అహ్మదాబాద్ ఐఐఎం ఇటీవలి ప్రవేశ విధానాల్లో తుది లెక్కలో సగం ఇంటర్వ్యూదే. అంటే రెండు గంటల పరీక్ష కంటే ఇరవై నిమిషాల సంభాషణకు బరువెక్కువ.

సుప్రీంకోర్టు ఈ బరువు గురించి ఏనాడో మాట్లాడింది. శ్రీనగర్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ ప్రవేశాల్లో రాత పరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకి 50. దాని మీద వచ్చిన అజయ్ హాసియా కేసులో 1980 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాలే సాగిందనీ, అడిగినవి తల్లిదండ్రుల గురించీ, ఏ ఊరు అనీ మాత్రమేననీ విద్యార్థులు మొరపెట్టుకున్నారు. (నలభై ఏళ్ళు దాటింది, ప్రశ్నలు మారలేదు.) మొత్తం మార్కుల్లో మూడో వంతు ఇంటర్వ్యూకి ఇవ్వడం నిరంకుశమనీ, 15 శాతం దాటకూడదనీ, ఇంటర్వ్యూని టేపు మీద రికార్డు చేస్తే మంచిదనీ కోర్టు అంది. ఆ తర్వాత లీలా ధర్ కేసులో ఉద్యోగాల ఎంపికకు ఆ గీత వర్తించదంది. అక్కడికి వచ్చేవాళ్ళు పరిణతి చెందినవాళ్ళు కాబట్టి ఇంటర్వ్యూకి ఎక్కువ బరువు ఇవ్వొచ్చంది. బిజినెస్ స్కూళ్ళు తమని తాము ఈ రెండో గాటన కట్టేసుకుంటాయి. మేనేజర్‌కి మాట ముఖ్యం కదా అంటాయి. మాట ముఖ్యమే, కాదనం. ఏ మాట, ఎవరి యాస అన్నది మా ప్రశ్న.

జేఎన్‌యూలో ఈ లెక్క అంకెలతో తేలింది. అక్కడ ఎంఫిల్, పీహెచ్‌డీ ప్రవేశాలకు రాత 70, వైవా 30 ఉండేది. 2012 నుంచి 2015 దాకా మార్కుల్ని పరిశీలించిన అబ్దుల్ నఫే కమిటీ, రాత మార్కులకీ వైవా మార్కులకీ మధ్య తేడా అన్ని సామాజిక వర్గాల్లోనూ ఒకే తీరుగా కనబడుతోందనీ, అది వివక్షను సూచిస్తోందనీ 2016లో చెప్పింది. వైవాని 15కి తగ్గించమంది. ఆ సిఫారసు పక్కన పడిపోయింది. తర్వాత యూజీసీ నిబంధనలొచ్చి రాత పరీక్షను అర్హతకే పరిమితం చేసి, వైవాకే మొత్తం బరువు ఇచ్చేశాయి. పెద్ద పోరాటం జరిగాకే అది వెనక్కి తగ్గింది. తమాషా ఏమిటంటే, అదే 2016 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వం గ్రూప్-సీ, నాన్ గెజిటెడ్ గ్రూప్-బీ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలే తీసేసింది. గుమాస్తా ఎంపికలో ఇంటర్వ్యూ అవినీతికి దారి అని ఒప్పుకున్న రాజ్యం, మేనేజర్ ఎంపికలో అదే ఇంటర్వ్యూని ప్రతిభకు కొలబద్ద అంటోంది.

ఇక్కడ ఒక మిత్రుడు మమ్మల్ని నిలదీశాడు. “ఎస్సీకి 15 శాతం సీట్లున్నాయి. ఇంటర్వ్యూలో తక్కువ మార్కులు వేసినా ఆ సీట్లు ఎస్సీలకే పోతాయి కదా. నష్టమెక్కడ?” మంచి ప్రశ్న. నష్టం రెండు చోట్ల ఉంది. మొదటిది, జనరల్ జాబితాలో సొంత మార్కులతో నిలవగల దళిత విద్యార్థిని ఇంటర్వ్యూ మార్కులు కిందికి లాగి ఎస్సీ సీటులోకి నెడతాయి. అప్పుడు 15 శాతం కనీసం కాస్తా గరిష్ఠం అయిపోతుంది. రెండోది మనం మనలో మాట్లాడుకోవడానికి ఇబ్బందిపడేది. ఎస్సీ జాబితా లోపల కూడా ఇంటర్వ్యూ ఎంపిక చేస్తుంది. విశాఖలో ఇంగ్లిష్ మీడియం చదివిన అధికారి కొడుకునీ, గవరపాలెం పక్క వీధిలోంచి వచ్చిన కలాసీ కూతురినీ ఒకే గదిలో కూర్చోబెడితే ‘కాన్ఫిడెన్స్’ ఎవరిలో కనబడుతుంది? రాష్ట్రం 2025లో ఎస్సీ వర్గీకరణ చేసింది, రెల్లి తదితర కులాల గ్రూపుకి 1 శాతం ఇచ్చింది. ఐఐఎం కేంద్ర సంస్థ, అక్కడ ఆ లెక్క లేదు. ఉత్తరాంధ్రలో పారిశుద్ధ్య పనిలో తరతరాలుగా ఉన్న రెల్లి ఇంటి పిల్ల ఆ గదికి వెళ్తే ‘నాన్న ఏం చేస్తారు’ అన్న ప్రశ్నకు బరువు ఇంకా ఎక్కువ. సీటు నిండింది అని లెక్క చెప్పడం సులువు. ఎవరితో నిండింది అన్నది ఏ లెక్కలోనూ కనబడదు.

ఆ బల్లకి అటువైపు ఎవరు కూర్చుంటున్నారో కూడా చూడాలి. ఐఐఎంల అధ్యాపకుల్లో ఎస్సీ, ఎస్టీలు చాలా తక్కువని పార్లమెంటుకు ప్రభుత్వం ఇచ్చిన జవాబులే చెప్పాయి. అధ్యాపక పోస్టుల్లో రిజర్వేషన్‌కి 2019లో చట్టం వచ్చింది. ఆ ఏడాది చివర్లోనే 20 ఐఐఎంలు కలిసి తమకి మినహాయింపు కావాలని కేంద్రాన్ని అడిగాయి. అహ్మదాబాద్ ఐఐఎం తన పీహెచ్‌డీలో రిజర్వేషన్ పాటిస్తామని ప్రకటించింది 2024లో, అదీ గుజరాత్ హైకోర్టులో వ్యాజ్యం నడిచాక. పీహెచ్‌డీలోకి రానివ్వకపోతే అధ్యాపకులు అవ్వరు, అధ్యాపకులు కాకపోతే ప్యానెల్‌లో ఉండరు. ఇక ప్రైవేటు బిజినెస్ స్కూళ్ళ సంగతి సరేసరి. 15(5) అధికరణం రాజ్యాంగంలోకి వచ్చి ఇరవై ఏళ్ళయినా ప్రైవేటు ఉన్నత విద్యలో రిజర్వేషన్‌కి పార్లమెంటు చట్టం చేయలేదు.

ఇంత చెప్పి, పిల్లల్ని ఆ గదికి ఎలా పంపాలో చెప్పకపోతే మా విశ్లేషణ వాళ్ళకి పనికిరాదు.

ఇప్పుడు అనకాపల్లి నుంచి ఆనందపురానికి ఆరు వరుసల రోడ్డు ఉంది, 50 కిలోమీటర్లు. ఆ చివర గంభీరంలో విశాఖ ఐఐఎం శాశ్వత ప్రాంగణం. 2015లో ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో మొదలై, 2024 ఫిబ్రవరిలో ఈ సొంత భవనాలు ప్రారంభమయ్యాయి. రోడ్డు పడిందిగానీ, ఈ పక్క నుంచి ఆ పక్కకి మాట నడవడం లేదు. కోచింగ్ అంటే ద్వారకానగర్. అక్కడ వాళ్ళిచ్చే ఇంటర్వ్యూ శిక్షణ ఎక్కువగా పైపూత: నవ్వు ఇలా, చేతులు అలా, ‘నా బలహీనత అతిగా కష్టపడటం’. యార్డులో బెల్లం సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. రంగు లేతగా ఉంటే రేటు పలుకుతుందని వంటలో హైడ్రోస్ వేస్తారు. రుచి చూసి కొనేవాడు తక్కువ.

మొదటి ఇంటర్వ్యూ తర్వాత ఆ చెల్లితో మేము చేసింది దీనికి తిరగేసిన పని. ‘మీ ఊరి గురించి చెప్పండి’ అనే ప్రశ్న ప్రతి ఇంటర్వ్యూలోనూ ఉంటుంది. పెద్ద నగరాల పిల్లలు దానికి రెండు వాక్యాలు చెప్పి దాటేస్తారు. మనకి అది గని. యార్డులో ధర ఎలా పుడుతుంది? మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని ఎవరు తేలుస్తారు? రైతుకీ కొనుగోలుదారుకీ మధ్య ఎన్ని చేతులు? కలాసీ కూలి ఎలా లెక్క కడతారు, ఎప్పుడు పెరిగింది, ఎవరు కూర్చుని ఒప్పుకున్నారు? చెరకు సాగు తగ్గిపోతుంటే ఆ కూలి ఏమవుతుంది? తుమ్మపాల మిల్లు ఎందుకు మూతపడింది, గోవాడ రైతులు బకాయిల కోసం ఎందుకు రోడ్డెక్కారు? సహకార రంగం ఇక్కడ దెబ్బతినడంలో మేనేజ్‌మెంట్ లోపమెంత, విధాన లోపమెంత? 2022 జూలైలో ప్యాకెట్ చేసిన బెల్లం మీద 5 శాతం జీఎస్టీ పడినప్పుడు దిమ్మ అమ్మేవాడికీ ప్యాకెట్ అమ్మేవాడికీ ఏం తేడా వచ్చింది?

ఈ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసి, జవాబులు పుస్తకాల్లో కాదు, నాన్నని అడిగి రాసుకురమ్మన్నాం. వారం తర్వాత పదహారు పేజీలు రాసుకొచ్చింది. “మా నాన్నకి ఇన్ని తెలుసని నాకే తెలీదు” అంది. ఆ మాటకి మాలో ఇద్దరు తల దించుకున్నారు. మా నాన్నల్ని మేమూ ఏనాడూ అడగలేదు.

కలాసీ అనే మాటను ఇప్పుడు తను దాచదు, అలాగని సానుభూతి కోసమూ చెప్పదు. సరఫరా గొలుసులో ఒక పని గురించి చెప్పినట్టు చెబుతుంది. అచ్యుతాపురం గురించీ అంతే. జిల్లాలో పరిశ్రమలు వస్తున్నాయని పొగిడి ఊరుకుంటే ఏ ప్యానెలూ గుర్తుపెట్టుకోదు. 2024 ఆగస్టు 21న ఎసెన్షియా ఫార్మా కంపెనీలో పేలుడుకి 17 మంది చనిపోయారు. భద్రత మీద పెట్టే ఖర్చు ఖర్చా, పెట్టుబడా అని కామర్స్ విద్యార్థి అడగగలిగితే అది ఎంబీఏ ప్రశ్నే.

రిజర్వేషన్ ప్రశ్న వస్తే? మాలో మాకే వాదన జరిగింది. గట్టిగా తిప్పికొట్టమని కొందరం, దాటేయమని కొందరం. సీటు కావాల్సింది తనకి, వీరత్వం చూపాలన్న సరదా మాది. చివరికి కుదిరింది ఇది: కోపం లేకుండా, క్షమాపణ లేకుండా, రెండు మూడు వాక్యాలు. రాజ్యాంగం ఇచ్చిన ప్రాతినిధ్యపు హక్కు అది, అశోక్ కుమార్ ఠాకూర్ కేసులో 2008లో సుప్రీంకోర్టు కేంద్ర విద్యాసంస్థల్లో వెనుకబడిన తరగతులకీ ఆ హక్కును సమర్థించింది, ఇక్కడ చదివి నేనేం చేస్తానో అడగండి. అంబేద్కర్ గురించి అడిగితే రాజ్యాంగం దగ్గరే ఆగొద్దనీ చెప్పాం. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీలో ఆయన అర్థశాస్త్రం బోధించాడు. 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం వేశాడు. కామర్స్ చదివే దళిత విద్యార్థికి ఆయన ముందు తన సబ్జెక్టు మాస్టారు.

ఇంగ్లిష్ గురించి అబద్ధం చెప్పం. తడబడితే మార్కులు పోతాయి. యాస మార్చుకోనక్కర్లేదు, వాక్యం చిన్నది చేసుకుంటే చాలు. ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో అయితే ఇంకో చిక్కు. కెమెరా ముందు ఇల్లు కూడా ఇంటర్వ్యూకి కూర్చుంటుంది. ఒకే గది, పక్కింటి టీవీ, సిగ్నల్ లేని డాబా. ఆ రోజుకి ట్యూషన్ గది తాళం మనవాళ్ళకి ఇవ్వడం కూడా ఉద్యమ పనే అని మేమనుకుంటాం.

ఫీజు భయంతో పిలుపు వచ్చినా వెళ్ళనివాళ్ళు ఉన్నారు. రాష్ట్రంలో 2020 డిసెంబరులో వచ్చిన జీఓ 77 ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసిన దగ్గర్నుంచి ‘పీజీకి ప్రభుత్వం ఇవ్వదు’ అన్న మాట ఊళ్ళల్లో పాతుకుపోయింది. ఐఐఎంల సంగతి వేరు. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం టాప్ క్లాస్ ఎడ్యుకేషన్ పథకం ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే ట్యూషన్ ఫీజు ఇస్తుంది, ఖర్చులకు మొదటి ఏడాది 86 వేలు, తర్వాతి ఏడాది 41 వేలు. సంస్థకి ఇన్ని అని స్లాట్లే ఉంటాయి, అందులో 30 శాతం అమ్మాయిలకి. ఇంటర్వ్యూకి ముందే కుల, ఆదాయ ధ్రువపత్రాలు కేంద్రం అడిగే నమూనాలో తీసి పెట్టుకోవాలి. మీసేవ కాగితం పట్టుకెళ్ళి ఆఖరి నిమిషంలో పరుగులు పెట్టినవాళ్ళని చూశాం.

విద్యార్థి సంఘాలు పట్టుకోవాల్సిన పని ఒకటుంది. ప్రతి ఐఐఎంనీ సమాచార హక్కు కింద అడగొచ్చు: పిలుపు అందుకున్న ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ అభ్యర్థుల సగటు క్యాట్ స్కోరెంత, సగటు ఇంటర్వ్యూ మార్కులెన్ని, ప్యానెళ్ళలో ఎస్సీ, ఎస్టీ సభ్యులు ఎంతమంది. పేర్లు అక్కర్లేదు, సగటులు చాలు. జేఎన్‌యూలో నఫే కమిటీకి దొరికిన తీరు ఇక్కడా ఉందో లేదో ఆ అంకెలే చెబుతాయి. అజయ్ హాసియా తీర్పు చెప్పిన రికార్డింగ్‌కి ఇప్పుడు టేపు కూడా అక్కర్లేదు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి ఒక్క బటన్ నొక్కితే సరిపోతుంది.

చెల్లి రెండో ఇంటర్వ్యూ పోయిన వారం అయింది. పదహారు పేజీలూ కంఠతా పట్టి వెళ్ళింది. నాన్న గురించి ఒక్క ప్రశ్నా రాలేదట. యార్డు గురించీ లేదు, రిజర్వేషన్ గురించీ లేదు. అకౌంట్స్ చేశారు కదా అని తరుగుదల మీద మొదలుపెట్టి ఇరవై నిమిషాలు అక్కడే ఉన్నారట. రెండు జవాబులు తప్పు చెప్పానంది. ముఖంలో మాత్రం మొదటిసారి వచ్చినప్పటి బరువు లేదు. “ఈసారి నా సబ్జెక్టు అడిగారు అన్నా” అంది.

ఇంకో పిలుపు ఉంది, నెలాఖరులో. ఈ ఆదివారం తరుగుదల లెక్కలు తెలిసినవాళ్ళెవరైనా ఖాళీగా ఉంటే ట్యూషన్ గదికి రండి. మాకెవరికీ అవి సరిగ్గా రావు.